తన పేరు తానే చెప్పుకొను ఓడ

రాత్రివేళ పొగమంచు నడుమ సాగిపోవు ఓడకు రాడారు చేసిన ఉపకారము తక్కువది కాదు; కాని ఆ ఉపకారమునకొక మేర కలదు. తెరపై వెలుగు చుక్క ‘ఎదుట నేదో ఉన్నది’ అని చెప్పును గాని, అది చమురుఓడయో చేపలపడవయో, మరుక్షణమున కుడికి తిరుగనున్నదో ఎడమకు తిరుగనున్నదో చెప్పజాలదు. 1956 జూలై 25 రాత్రి, అమెరికా ఈశాన్యతీరమున నాంటుకెట్ ద్వీపమునకు దక్షిణముగా, జెనోవానుండి న్యూయార్కునకు వచ్చుచున్న ఇటలీవారి ఆండ్రియా డోరియా, న్యూయార్కునుండి స్వీడనుకు బయలుదేరిన స్టాక్‌హోమ్ అను రెండు ప్రయాణికనౌకలు, ఒకదాని నొకటి రాడారుపై ముందుగనే కనిపెట్టియుండియు, ఎదుటిది ఏ వైపునుండి దాటిపోవునను విషయమున చెరియొక తీరున భావించి, ఒకటి ఎడమకును రెండవది కుడికిని తిరిగి ఢీకొనినవి. రెండు ఓడలలోను కలిపి 51 మంది మరణించిరి. ఆండ్రియా డోరియా మరునాటి ఉదయమునకు మునిగిపోయినది. ఆ ఓడలలో నున్న అధికారులు చూపునకు కొఱత పడినవారు కారు. ఒకరి ఉద్దేశము నొకరు అడిగి తెలిసికొను వాడుక ఆనాటి నౌకాయానమున లేకపోవుటయే వారి దౌర్భాగ్యము.

నేటి నౌకలపై నుండు స్వయంచాలక గుర్తింపుసాధనము, నావికులందఱు ఏఐయస్ అని పిలుచునది, ఈ లోటును తీర్చుటకై పుట్టినది. దాని పుట్టుకలో స్వీడనువారికి పాలు కలదు, అంతర్జాతీయ నౌకాసంస్థకు పాలు కలదు. అయినను దాని జాతకమును దిద్దినది అమెరికాదేశపు అనుభవమే యని నా తలంపు. చమురు తెట్టుకట్టిన ఒక అఖాతమును జూచి కలిగిన భయము దానిని కనినది; కూలిన రెండు గోపురములను జూచి కలిగిన భయము దానిని పెంచినది. ఇరుగుపొరుగు ఓడల నడుమ మాటగా ఉద్దేశింపబడినది ప్రభుత్వమునకు కావలికన్ను కూడ అగుట అట్లు సంభవించెను. ఆ రెండు పనులును ఒక పెట్టెలో ఎంతవఱకు పొసగినవో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఏఐయస్ రాకమునుపు, ఒకరి ఉద్దేశ మొకరికి తెలియని ఈ లోటును రేడియో టెలిఫోను కొంత పూడ్చినది. 1971 జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో, గోల్డెన్ గేట్ వంతెన చెంత, ఒకే కంపెనీకి చెందిన ఆరిజోనా స్టాండర్డ్, ఒరెగాన్ స్టాండర్డ్ అను రెండు చమురుఓడలు పొగమంచులో గ్రుద్దుకొని చమురు ఒలికిన తరువాత, ఓడల నడిపించు గదులమధ్య రేడియో సంభాషణము తప్పనిసరి యని ఆ యేడే చట్టమైనది. 1972లో రేవుల, జలమార్గముల భద్రతాచట్టము వచ్చి, కోస్టుగార్డువారు విమానములకు వలె ఓడలకును రాకపోకల నియంత్రణకేంద్రములను నెలకొల్పుటకు దారి చూపినది. అయినను రేడియోలో పిలుచుటకు పేరు తెలియవలెను గదా! ‘నాకు కుడివైపున రెండుమైళ్ళలో నున్న ఓడ’ యని పిలిచినచో, ఆ వర్ణనకు సరిపోవు వేఱొక ఓడ బదులు పలుకుట, అడిగినవాడు ఆ బదులును నమ్మి చుక్కాని త్రిప్పుట సముద్రమున వింతకాదు. పేరు తెలియని సంభాషణము మౌనముకంటె ప్రమాదకరమైన సందర్భములు కలవు.

1989 మార్చి 24న అలాస్కాలోని ప్రిన్స్ విలియమ్ సౌండులో ఎక్సాన్ వాల్డెజ్ అను చమురుఓడ, మంచుగడ్డలను తప్పించుకొనుటకై నియమితమార్గమును విడిచి, బ్లై రీఫ్ అను రాతిదిబ్బ నెక్కినది. దాదాపు ఒక కోటీ పదిలక్షల గ్యాలనుల ముడిచమురు ఆ శీతలజలముల పాలైనది. ఓడలో జరిగిన దోషములు ప్రసిద్ధములే. తక్కువగా చెప్పుకొనబడునది తీరమున జరిగినది: ఆ కడపటి మైళ్ళలో ఓడ ఎచ్చట నున్నదో వాల్డెజ్‌లోని కావలికేంద్రము కనిపెట్టి యుండలేదు. మరుసటి సంవత్సరము అమెరికా కాంగ్రెసు చేసిన చమురు కాలుష్యచట్టమును అనుసరించి, ఆ అఖాతమున తిరుగు చమురుఓడలు తమ స్థానమును తామే జీపీయస్ ద్వారా తెలిసికొని రేడియోపై తీరమునకు చెప్పు సాధనములను ధరింపవలసి వచ్చెను. తీరము ప్రశ్నించును, ఓడ బదులు చెప్పును. ప్రక్కనున్న ఓడకు ఆ బదులుతో నిమిత్తము లేదు. నేటి ఏఐయస్‌కు ఇది పూర్వరూప మనవచ్చును గాని, దాని గుణము ఇంకను కావలివాని గుణమే.

ప్రశ్నించువాడు లేకుండ ప్రతి ఓడయు అందఱికి వినబడునట్లు తనంతట తాను పలుకుట సాధ్యమైనది స్వీడనుదేశీయుడు హోకన్ లాన్స్ పేరుతో ముడిపడియున్న ఒక యుక్తివలన. వందలకొలది ఓడలు ఒకే తరంగముపై ఒకేసారి పలికినచో వినవచ్చునది రొద మాత్రమే. కనుక ప్రతి నిమిషమును 2,250 ముక్కలుగ విభజించిరి. ఒక్కొక్క ముక్క సెకనులో నలుబదవ వంతుకంటె స్వల్పముగ హెచ్చు. పెద్ద విందులో వడ్డనకు పెత్తందారు లేకున్నను, ప్రతివాడును తినుచునే ‘నా తరువాతి పంక్తి ఫలానిది, ఫలాని ఆకు నాది’ యని బిగ్గరగ చెప్పినచో తక్కినవారు ఆ ఆకును వదలి కూర్చుండురుగదా. ఇచ్చటి ఏర్పాటు అట్టిదే. ప్రతి ఓడయు తన మాటతోపాటు తాను మరల పలుకబోవు ముక్కను కూడ ప్రకటించును. విన్నవారు దానిని విడిచిపెట్టుదురు. అందఱి గడియారములను సరిపెట్టునది జీపీయస్ ఉపగ్రహములు చెప్పు కాలము. రెండు తరంగములు, 161.975, 162.025 మెగాహెర్ట్జులు, ఇందుకు కేటాయింపబడుటచే నిమిషమునకు 4,500 పలుకులకు చోటు దొరకినది. మధ్యవర్తి లేని ఈ క్రమశిక్షణ ఆ కాలపు ఇంజనీరింగునందలి సుందరమైన ఆలోచనలలో నొకటియని చెప్పుటకు నేను సంకోచింపను.

ఇక ఆ పలుకులో ఉండునది ఏమి? తొమ్మిది అంకెల గుర్తింపుసంఖ్య ఒకటి. అందు మొదటి మూడంకెలు దేశమును తెలుపును: అమెరికా ఓడలకు 338 గాని, 366 మొదలు 369 వఱకు గల సంఖ్యలలో నొకటి గాని, భారతదేశపు ఓడలకు 419. ఓడ యున్న అక్షాంశ రేఖాంశములు, వేగము, నేలపై సాగు దిక్కు, ముక్కు చూపు దిక్కు, తిరుగుచున్నచో ఆ తిరుగుడు త్వర: ఇవి యంత్రములనుండి తమంత తాము వచ్చును. లంగరు వేసియున్న ఓడ మూడు నిమిషముల కొకసారి పలుకును. పదునాలుగు నాటులలోపు వేగమున తిన్నగ పోవునది పది సెకనుల కొకసారి. ఇరువది మూడు నాటులు మించినది రెండేసి సెకనులకు. త్వరపడువాడు తఱచు చెప్పవలెనను ఈ నియమము ఎంత సమంజసము! పేరు, పొడవు వెడల్పులు, ఓడ నీట మునుగు లోతు, గమ్యము మాత్రము ఆరునిమిషముల కొకసారి పోవును. వీనిని మనుష్యుడు చేతితో ఎక్కించును. యంత్రము చెప్పు మాటకును మనిషి వ్రాసిన మాటకును మధ్య నున్న ఈ గీటును చదువరి జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను.

ఆ పలుకులోని స్థానమును ఓడకు చెప్పునది జీపీయస్. 2000 వఱకు సాధారణ జీపీయస్ స్థానములలో అమెరికా సైన్యము కావలెనని చొప్పించిన దోషము నూఱు మీటర్లవఱకు నుండెను. ఇరుకుకాలువలో నూఱు మీటర్లనగా ఒడ్డుకును నీటికిని గల భేదము. 2000 మేనెలలో అధ్యక్షుడు క్లింటను ఆజ్ఞచే ఆ దోషము తొలగింపబడినది. ఈ యొక్క నిర్ణయము లేకున్న ఏఐయస్ నదులలో ఇంత సులభముగ కాలు పెట్టియుండదు.

నదులలో దాని విలువ తెలియవలెనన్న న్యూఆర్లియన్సు నగరమున మిసిసిపీనది మలుపు తిరుగు ఆల్జియర్సు పాయింటును చూడవలెను. నది యచ్చట ఇంచుమించు లంబకోణమున వంగును. దాని గర్భము రమారమి రెండువందల అడుగుల లోతు. పైనుండి క్రిందికి వచ్చు తెప్పల వరుస, పదులకొలది సరుకుబార్జీలను ఒక్కటిగా కట్టి వెనుకనుండి ఒక టగ్గు నెట్టుకొని వచ్చునది, వరదకాలపు ఒరవడిలో ప్రక్కకు జారుచు మలుపు తిరుగును. క్రిందినుండి ఎదురెక్కు సముద్రనౌక దానికి ఆ మలుపులోనే తటస్థపడినచో తప్పుకొనుటకు తావు లేదు. రాడారు కిరణము కట్టలకును కట్టడములకును తగిలి నిలిచిపోవును. అందుకే గవర్నర్ నికొల్స్ వీధి కెదురుగ నొకటి, గ్రెట్నాయొద్ద నొకటి దీపస్తంభములను నిలిపి, నది పొంగినపుడు ఎఱ్ఱ, పచ్చ దీపములతో ఓడలను ఆపుచు వదలుచు వచ్చిరి. ఏఐయస్ పలుకు ప్రయాణించు రేడియోతరంగము రాడారు తరంగముకంటె చాల నిడుపైనది. మలుపుల చుట్టును, కట్టల మీదుగను అది కొంత వంగిపోగలదు. కనుక పైలటు ఇంకను కంటికి కనబడని టగ్గుయొక్క పేరును, దాని వేగమును తెరపై చదివి, ఆ పేరుతోనే రేడియోలో పిలిచి, ఎవరు ముందు తిరుగవలెనో మలుపునకు మైలుదూరముననే తేల్చుకొనగలడు. కోస్టుగార్డువారు 1990ల చివర ఈ సాధనమును మిసిసిపీ దిగువభాగముననే పరీక్షకు పెట్టుట సమంజసమైన ఎంపిక. సెయింట్ లారెన్సు జలమార్గమును ఏలు అమెరికా, కెనడా సంస్థలు 2003 నౌకాయానపు ఋతువునుండి ఉత్తర అమెరికాలో తొలిసారిగ దీనిని తప్పనిసరి చేసినవి.

ఇంతలో 2001 సెప్టెంబరు 11 వచ్చినది. అంతకు ముందే అంతర్జాతీయ నౌకాసంస్థ 2000 డిసెంబరులో సముద్రభద్రతా ఒడంబడికను సవరించి, అంతర్జాతీయయాత్ర చేయు 300 టన్నులు మొదలు ఆపై ఓడలన్నియు, ప్రయాణికనౌకలన్నియు 2002 జూలైనుండి క్రమక్రమముగ ఈ సాధనమును ధరింపవలెనని నిర్ణయించియుండెను. ఆ క్రమము 2008 వఱకు సాగవలసినది. గోపురములు కూలినపిదప అమెరికాకు అంత ఓర్పు లేకపోయెను. 2002 నవంబరులో నౌకారవాణా భద్రతాచట్టము వచ్చెను. ఆ డిసెంబరులోనే లండనులో జరిగిన సమావేశమున అంతర్జాతీయయాత్రల ఓడలకు గడువు 2004 డిసెంబరు 31కి ముందునకు జరుపబడెను. అప్పటినుండి సాధనము అదే, పలుకు అదే. వినువాడు మాత్రము మారినాడు. పొరుగు ఓడను తప్పుకొనుటకు చెప్పిన పేరు, రేవునకు రాబోవు వాడెవడో విచారించు అధికారి పట్టికలో చేరెను. ఈ పరిణామమును నేను నిందింపను, రేవులను కాచుకొను హక్కు ప్రతిదేశమునకు కలదు. కాని భద్రతకై ఇష్టపూర్వకముగ చెప్పు మాటకును, శిక్షకు వెఱచి చెప్పు మాటకును విశ్వసనీయతలో భేదముండునని మాత్రము అనక తప్పదు.

అమెరికా దేశీయ నియమములు 2003లో ఆరంభమై, 2015లో సవరింపబడి, 2016 మార్చి 1నుండి విస్తృతముగ అమలునకు వచ్చినవి. 65 అడుగులు గాని అంతకు హెచ్చు గాని పొడవుగల స్వయంచోదిత వ్యాపారనౌకలు, 26 అడుగులు మొదలు పొడవై 600 అశ్వశక్తి మించిన లాగుడు, నెట్టుడు పడవలు, 150 మందికి హెచ్చుగ ప్రయాణికులను గొనిపోవు పడవలు దీని క్రిందికి వచ్చినవి. చేపలపడవల వంటివానికి తక్కువ శక్తితో పలుకు ‘బి’ తరగతి సాధనము చాలునని వెసులుబాటిచ్చిరి. ఈ నియమములు రూపొందుచుండగా జరిగిన ఒక వినోదము చెప్పదగినది: ఫెడరల్ కమ్యూనికేషన్సు కమిషనువారు 1990ల చివర తీరప్రాంత రేడియోతరంగములను వేలము వేయగా, మారిటెల్ అను సంస్థ పాడుకొనిన భాగములో, ప్రపంచమంతయు ఏఐయస్‌కు నిర్ణయించుకొనిన రెండింటిలో నొక తరంగము చేరియుండెను. ఓడల ప్రాణరక్షణకు కావలసిన గాలిని ప్రభుత్వమే అమ్మివేసి, మరల దానికై సంవత్సరములు వాదించుకొని, 2006లో గాని ఆ రెండు తరంగములను ఏఐయస్‌కే ప్రత్యేకింపలేదు.

వినుటకు కోస్టుగార్డువారు దేశముచుట్టును, నదుల వెంబడిని, అలాస్కా, హవాయి, గువాములలోను దాదాపు 200 చోట్ల స్తంభములు నిలిపిరి. అలాస్కాలో జూనో కేంద్రముగ గల ఒక లాభాపేక్షలేని సంస్థ, మెరైన్ ఎక్స్ఛేంజి ఆఫ్ అలాస్కా, జనసంచారము లేని తీరములలో నూటికి పైగా కేంద్రములను నడుపుచున్నది. 2006 డిసెంబరులో వర్జీనియాలోని వాలప్స్ దీవినుండి ఎగిరిన టాక్‌శాట్-2 ఉపగ్రహము ఆకాశమునుండియు ఈ పలుకులను విన్నది. ఒక చిక్కు మాత్రము కలదు: ఓడలు తమలో తాము పంచుకొను ముక్కలు పాతిక ముప్పది మైళ్ళ పరిధికి సరిపోవునట్టివి, ఉపగ్రహము ఒక్కచూపున వేల మైళ్ళను వినును గనుక, అచ్చట దూరదూరపు గుంపుల పలుకులన్నియు ఒకదానిపై నొకటి పడును.

ఈ వినికిడివలన లాభము పొందినవానిలో మూగజీవము లొకటి. అట్లాంటిక్ తీరమున రైట్ తిమింగలములు నాలుగువందలలోపునే మిగిలినవి; ఓడల తాకిడి వాని మరణములకు ముఖ్యకారణములలో నొకటి. 2008 డిసెంబరునుండి కొన్ని ఋతువులలో, కొన్ని జలభాగములలో 65 అడుగులు గాని ఆపై గాని పొడవుగల ఓడలు పది నాటులు మించరాదని శాసించిరి. నడిసముద్రమున వేగమును కొలుచు పోలీసు ఎవడు? ఓడయే తన వేగమును చెప్పుచున్నది గనుక, ఆ పలుకులనే సాక్ష్యముగ గైకొని సముద్ర, వాతావరణ శాఖవారు జరిమానాలు విధించిరి. పొరుగువానికి చెప్పిన మాట తనపై సాక్ష్యమగుట ఇంతకంటె స్పష్టముగ మఱెచ్చటను కానరాదు. ఇచ్చట మాత్రము నా పక్షపాతము తిమింగలములవైపే.

అందఱిచేతను పలికించిన రాజ్యము తన యుద్ధనౌకలను మౌనముగ నుంచుకొన్నది. అంతర్జాతీయ ఒడంబడికయు యుద్ధనౌకలకు ఆ మినహాయింపు నిచ్చినది. 2017 జూన్ 17న జపాను తీరమున యుద్ధనౌక ఫిట్జ్‌జెరాల్డు ఏసీయక్స్ క్రిస్టల్ అను సరుకునౌకను ఢీకొనగా ఏడుగురు, ఆగస్టు 21న సింగపూరు చేరువ జాన్ ఎస్. మెకెయిన్ అల్నిక్ ఎంసీ అను ట్యాంకరుతో ఢీకొనగా పదిమంది అమెరికా నావికులు మృతినొందిరి. ఆ రెండు యుద్ధనౌకలును తమ ఉనికిని ఏఐయస్‌లో ప్రకటించుట లేదు. దోషములలో అధికభాగము శిక్షణది, అలసటది, పర్యవేక్షణది. అయినను రద్దీ మార్గములలో ఇకపై పలుకవలెనని నౌకాదళము ఆ సంవత్సరమే ఆదేశించెను. రాజ్యరహస్యముకంటె పొరుగువాని చూపు కొన్నిచోట్ల విలువైనదని నేర్చుకొనుటకు పదునేడు ప్రాణములు మూల్యమైనవి.

ఇక లోపముల మాట. మొదటిది మనిషి వ్రాసిన భాగము. రేవు విడిచి మూడునాళ్ళయినను ‘లంగరు వేసియున్నది’ యని ప్రకటించు ఓడలు, ఎన్నడో ముగిసిన యాత్రయొక్క గమ్యమును ఇంకను మోయు ఓడలు కోకొల్లలు. కొన్ని ఓడలు 1193046 అను ఏడంకెల సంఖ్యతో తిరుగును. అది ఎవరి సంఖ్యయు కాదు, కర్మాగారమున యంత్రములో ఉంచిన నమూనాసంఖ్యను మార్చ మఱచిన ఫలితము. రెండవది లోతైనది: ఈ పలుకునకు సంతకము లేదు. ఎవడేని ఏ పేరుతో నైనను పలుకవచ్చును. విన్న యంత్రము నమ్మును. మూడవది, ఓడ నిజాయితీగ పలికినను దానికి స్థానము చెప్పు జీపీయస్‌నే ఎవరేని మోసగింపవచ్చును. 2019 ప్రాంతమున కాలిఫోర్నియాలోని పాయింట్ రేస్ చెంత కొన్ని ఓడలు చక్కని వలయములలో తిరుగుచున్నట్లు పటములపై కనబడెను; విచారింపగా ఆ ఓడలు వేలమైళ్ళ దూరమున ఇతర సముద్రములలో నుండెను.

పరికరము సత్యమే చెప్పినను ప్రమాదము తప్పకపోవుటకు నిదర్శనము కాస్కో బుసాన్. 2007 నవంబరు 7 ఉదయము, దట్టమైన పొగమంచులో ఆ సరుకునౌక శాన్‌ఫ్రాన్సిస్కో బే వంతెనవైపు సాగుచుండగా, తీరకేంద్రమువారు ఏఐయస్‌లో ఓడముక్కు 235 డిగ్రీలు చూపుచున్నదని రేడియోలో హెచ్చరించి, ఏమి చేయనెంచినారని అడిగిరి. పైలటు తాను 280కి తిరుగుచున్నానని బదులుచెప్పెను. ఓడలోని ఎలక్ట్రానిక్ పటముపై నున్న ఎఱ్ఱ త్రికోణముల భావమును గూర్చి ఆయనకును కప్తానుకును సరియైన అవగాహన కుదరలేదు. ఓడ వంతెనస్తంభపు రక్షణకట్టడమును రాచుకొనిపోయినది. 53,000 గ్యాలనులకు పైగా ఇంధనము ఒలికినది. అంకె ఎదుట నున్నది, దానిని పలికినవారును ఉన్నారు. ఆ అంకె నిర్ణయముగ మారుటకు వలసినది మాత్రము ఏ తరంగముపైనను రాదు.

2024 మార్చి 26న బాల్టిమోరులో డాలి అను నౌక, విద్యుత్తు నిలిచిపోయి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొనినపుడు, ఇరువదియొక్కరు సిబ్బందిలో ఇరువది మంది భారతీయులగుటచే మనవారు కూడ ఆ వార్తను ఆతురతతో చదివిరి. ఓడ నడచిన దారి ఏఐయస్‌లో అందఱకును కనబడెను. వంతెనపై మరమ్మతు పనిలో నున్న ఆరుగురు మరణించిరి. అంతకన్న హెచ్చుమంది చనిపోకుండ ఆపినది పైలటు రేడియోలో చేసిన ఆపదపిలుపు. దానిని విని పోలీసులు వంతెనపై వాహనములను నిలిపివేసిరి. ఏఐయస్ ఆ తరువాతి విచారణకు పనికివచ్చెను. రెండింటి భేదము ఇక్కడ తేటతెల్లము.

జాలరుల అనిష్టమును గూర్చియు ఒక మాట. చేపలుండు తావు జాలరికి వంశపారంపర్యమైన ధనము వంటిది; దానిని మాటిమాటికి ప్రపంచమునకు చాటుట ఎవరికి ఇష్టమగును? ‘బి’ తరగతి సాధనము వెల కొన్ని వందల డాలర్లు మాత్రమే; అడ్డు వెల కాదు. మన దేశముననూ 2008 ముంబయి దాడుల పిదప 74 దీపస్తంభములపై ఇట్టి గ్రాహకములు నెలకొల్పి, ఇరువది మీటర్లకు మించిన చేపలపడవలు ఈ సాధనమును ధరింపవలెనన్నపుడు, అచ్చటను ఇచ్చటను చోదకశక్తి ఒక్కటే, రాజ్యము భయపడుట.

ఇప్పుడు దీనికి తరువాతి తరము సిద్ధమగుచున్నది. వీడీఈయస్ అను ఆ పద్ధతిలో తరంగములు హెచ్చు, మాట నిడివి హెచ్చు. 2019లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశము దాని ఉపగ్రహభాగమునకును తావిచ్చినది. అందు పలుకునకు సంతకము చేర్చుటకు చోటున్నది. చేర్చవలెనా, చేర్చినచో ఎవని తాళపుచెవితో, ఏ దేశము ఏ దేశమును నమ్మి, అను ప్రశ్నలు ఇంజనీర్లవి కావు. ఓడలు పాతిక ముప్పది సంవత్సరములు బ్రతుకును. నేడు మిసిసిపీలో ఎదురెక్కుచున్న ఓడలలో పెక్కింటికి పాత పెట్టెయే కడవఱకు ఉండును గనుక, సంతకమున్న పలుకును లేని పలుకును ఒకే తెరపై ప్రక్కప్రక్కన కనబడు కాలము చిరకాలము సాగును. ఏది ఏదో పైలటునకు ఒక్కచూపున తెలియునట్లు ఆ తెరను రచించుట ముందు చేయవలసిన పనియని నాకు తోచుచున్నది. దానికి ఒడంబడిక అక్కఱలేదు.